కత్తెరకు 15 వేలు, సన్నాయికి సున్నా: వాద్యం ఖర్చు ఎవరు భరించాలి?

నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో కత్తెర పట్టే చెయ్యి, సన్నాయి పట్టే చెయ్యి చాలా ఊళ్లలో ఒక్కటే. మామూలు రోజుల్లో సెలూన్‌, ముహూర్తం ఉన్న రోజు మేళం. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్‌ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం ఈ మనిషిని సగమే చూసింది. క్షురకుడిగా ఆయనకు పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు ఈ-వోచర్‌ ఇస్తుంది. హామీ అడగకుండా, 5 శాతం వడ్డీకి, రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం ఇప్పిస్తుంది. అదే మనిషి సన్నాయి కొనాలన్నా, డోలుకు తోలు వేయించాలన్నా ఆ పథకంలో చోటు లేదు. అందులోని 18 వృత్తుల్లో క్షురకులు, దర్జీలు, చర్మకారులు, పూలమాలలు కట్టేవారు ఉన్నారు. వాద్యకారులు లేరు. వాద్యాలు తయారుచేసేవారికీ ప్రత్యేకంగా చోటు లేదు.

చెప్పులు కుట్టే వృత్తిలో ఉంటూ డప్పు కూడా కొట్టే మాదిగ కళాకారుడి పరిస్థితీ ఇదే. ఆయన చేతిలోని ఆరె, సూది ప్రభుత్వం దృష్టిలో పనిముట్లు. భుజాన వేలాడే డప్పు మాత్రం ‘సంస్కృతి’. పనిముట్టుకు రుణం దొరుకుతుంది. సంస్కృతికి శాలువా దొరుకుతుంది.

వాద్యం ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కాలేజీ కుర్రాళ్లు పెట్టుకున్న రాక్‌ బ్యాండ్‌లో కీబోర్డు ఎవరు కొనాలన్న గొడవలా ఉంటుంది. కానీ పెళ్లి బ్యాండ్లు, సన్నాయి మేళాలు, డప్పు బృందాలు, ఆర్కెస్ట్రాల మీద ఆధారపడి బతికేవారికి ఇది కూలి లెక్క. వాద్యం ఎవరిదన్న దాన్నిబట్టే బృందంలో మాట ఎవరిది, నష్టం ఎవరిది, చట్టం ముందు ఎవరు కార్మికుడు, ఎవరు కాదు అన్నవి తేలతాయి. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబర్‌ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి ఈ లెక్క సరిచూసుకోవడానికి ఇది సరైన సమయం.

మాన్యం పోయింది, ఖర్చు మిగిలింది

ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఊళ్లో ఒక జవాబు ఉండేది. అది న్యాయమైన జవాబు కాదు, కానీ జవాబే. ఆంధ్ర ప్రాంతంలో చాలా గుడులకు భజంత్రీ మాన్యాలు ఉండేవి. స్వామి సేవలో సన్నాయి ఊదే, డోలు వాయించే కుటుంబానికి కొంత భూమి రాసిచ్చేవారు. ఆ భూమి పంటలోంచే కుటుంబం బతకాలి, వాద్యం బాగుచేయించుకోవాలి, పిల్లవాడికి విద్య నేర్పాలి. అంటే వాద్యం ఖర్చు సేవ ఖర్చులోనే కలిసి ఉండేది. డప్పు కొట్టేవారికి ఆ మాత్రం భద్రత కూడా అన్నిచోట్లా లేదు. ఊళ్లో చాటింపు వేయడం, చావుకు డప్పు కొట్టడం కులం నెత్తిన మోపిన వెట్టి. డప్పూ ఆయనదే, శ్రమా ఆయనదే, ప్రతిఫలం మాత్రం ఊరి దయ.

తర్వాతి దశాబ్దాల్లో ఇనాం భూముల చట్టాలు వచ్చాయి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్‌ దేవాదాయ చట్టం ఆలయాల్లో వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పుట్టుకతో వచ్చే హక్కు పోవడం సరైనదే. అయితే ఆ హక్కుతో పాటు వాద్యం ఖర్చుకు ఉన్న ఆధారమూ పోయింది. దాని స్థానంలో ఏం పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. మేళం ‘కార్యక్రమానికి ఇంత’ అనే లెక్కకు మారింది. ఆ ‘ఇంత’లో కూలి ఎంత, వాద్యం అరుగుదల ఎంత అన్నది ఎవరూ విడదీయలేదు.

నేపాల్‌లోనూ దాదాపు ఇదే కథ. అక్కడ పెళ్లిళ్లలో పంచె బాజా వాయించే దమాయి కులస్తులు బట్టలు కుట్టే పని కూడా చేస్తారు. సంప్రదాయం ప్రకారం ఊరివాళ్లు ఏడాదికోసారి ధాన్యం కొలిచేవారు. బాలిఘరే అనే ఆ పద్ధతిలో కుట్టుకూ, వాద్యానికీ వేర్వేరు లెక్కలు ఉండేవి కావు. సరిహద్దుకు ఇవతల క్షురకుడు సన్నాయి ఊదాడు, అవతల దర్జీ ఊదాడు. రెండుచోట్లా సంగీతాన్ని అసలు వృత్తికి కొసరుగానే చూశారు.

మాలిక్‌ కొన్న ట్రంపెట్‌

ఉత్తరాది పెళ్లి బ్యాండ్లది మరో నమూనా. ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్‌లో జలీ కోఠీ అనే పేట ఉంది. దేశంలో ఇత్తడి బాజాల తయారీకి అదే కేంద్రం. అక్కడి నాదిర్‌ అలీ కంపెనీ 1885 నాటిది. బ్రిటిష్‌ సైన్యం బ్యాండ్‌ సంస్కృతి నుంచి పుట్టిన వ్యాపారం అది. అదే వారసత్వం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో బ్యాగ్‌పైపుల పరిశ్రమగా మిగిలింది. సైనికుల కోసం మొదలైన ట్రంపెట్లు, యుఫోనియంలు క్రమంగా పెళ్లి బరాత్‌లకు చేరాయి.

సైన్యంలో వాద్యం రెజిమెంట్‌ది. వాయించేవాడు జీతం తీసుకునే సైనికుడు. అందులో సందేహం లేదు. పెళ్లి బ్యాండ్‌ ఆ నమూనాలో సగమే తీసుకుంది. వాద్యాలు, యూనిఫాంలు, లైట్లు, బండి మాలిక్‌వి. కానీ వాయించేవాళ్లకు రెజిమెంట్‌ ఇచ్చే జీతం, సెలవు, పింఛను లేవు. చాలామంది పెళ్లిళ్ల సీజన్‌కు ఊళ్ల నుంచి వచ్చి, సీజన్‌ అయ్యాక తిరిగి వెళ్లిపోయే వలస కార్మికులు. సీజన్‌కు ముందే మాలిక్‌ దగ్గర కొంత సొమ్ము ముందుగా తీసుకుంటారు. తర్వాత వాయించి తీరుస్తారు. ఈ మాలిక్‌-కళాకారుల సంబంధాన్ని గ్రెగరీ బూత్‌ అనే పరిశోధకుడు ‘బ్రాస్‌ బాజా’ (2005) అనే పుస్తకంలో వివరంగా నమోదు చేశారు.

మన దగ్గర అడ్వాన్సు అన్నా, బయానా అన్నా, హిందీ, ఉర్దూల్లో పేష్గీ అన్నా మాట ఒకటే. కానీ ఆ మాటకు చట్టంలో బరువుంది. పాకిస్తాన్‌ 1992లో తెచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పేష్గీ అనే మాటనే తీసుకుని నిర్వచించింది. మన 1976 చట్టం కూడా అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడాన్ని నేరంగా చూస్తుంది. ప్రతి బ్యాండ్‌ పార్టీలో వెట్టి ఉందని దీని అర్థం కాదు. అప్పూ మాలిక్‌దే, వాద్యమూ మాలిక్‌దే అయినప్పుడు బేరమాడే శక్తి మొత్తం ఒకవైపే చేరుతుందని అర్థం. పదేళ్లు క్లారినెట్‌ వాయించినవాడు కూడా, మాలిక్‌ వద్దన్న రోజు, ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాల్సిందే. విద్య ఉంటుంది, వాయించడానికి ఏమీ ఉండదు.

దర్జీ దుకాణం చెప్పిన పాఠం

వాద్యం యజమానిదైతే కళాకారుడికి దొరకాల్సిన రక్షణ ఒకటుంది. దాన్ని గుర్తుచేసేది సంగీతానికి ఏ సంబంధమూ లేని ఒక కేసు, అదీ మన నేల నుంచి వెళ్లినది. సిల్వర్‌ జూబిలీ టైలరింగ్‌ హౌస్‌ కేసులో 1973లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తెలంగాణ ప్రాంతానికి వర్తించే దుకాణాలు, సంస్థల చట్టం కింద, దర్జీ దుకాణాల్లో పనిచేసేవారు ఉద్యోగులా కాదా అన్నది ప్రశ్న. వాళ్లకు నెల జీతం లేదు, కుట్టినదానికి ఇంత అని కూలి. ఎప్పుడు రావాలి, ఎప్పుడు వెళ్లాలి అన్న కట్టుబాటు గట్టిగా లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వేరే దుకాణానికి పనిచేసే వీలూ ఉంది. అయినా వాళ్లు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. అందుకు చూపిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, కుట్టుమిషన్లు సాధారణంగా దుకాణదారువి కావడం. కుట్టినది బాగా లేకపోతే తిప్పికొట్టే అధికారం ఆయనకు ఉండటం మరో కారణం.

కుట్టుమిషన్‌ స్థానంలో ట్రంపెట్‌ పెట్టి చూడండి. వాద్యం మాలిక్‌ది, యూనిఫాం మాలిక్‌ది, ఏ పాట వాయించాలో, ఎవరు ముందు నడవాలో చెప్పేది మాలిక్‌. ఆ తీర్పులోని తర్కం ప్రకారం ఆ బ్యాండ్‌లోని వాళ్లను ‘స్వతంత్ర కళాకారులు’ అని తప్పించుకోవడం కష్టం. ఒక్కో కేసులో వాస్తవాలు వేరుగా ఉండవచ్చు. కానీ వాద్యం ఎవరిదన్నది చట్టానికి పట్టని విషయం మాత్రం కాదు.

ఉద్యోగి అని తేలితే దక్కేవి చిన్న విషయాలు కావు. వేతన స్మృతి ప్రకారం, ఉద్యోగికి అప్పగించిన వస్తువు పాడైతే యజమాని ఇష్టం వచ్చినట్టు కోత పెట్టకూడదు. నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. ఆయన వాదన వినాలి. కోత జరిగిన నష్టాన్ని మించకూడదు. అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. ఊరేగింపులో తోపులాట జరిగి ట్రంపెట్‌ సొట్టపోతే, ఆ రోజు కూలి మొత్తం పట్టుకోవడం ఈ నిబంధన ముందు నిలవదు.

భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి మరో అడుగు వేసింది. సినిమాలు, టీవీ, డిజిటల్‌ నిర్మాణాల్లో పనిచేసే నటులు, సంగీతకారులు, గాయకులు, నృత్యకారులను ‘ఆడియో-విజువల్‌ కార్మికులు’గా గుర్తించింది. స్టూడియోలో వయొలిన్‌ వాయించేవాడికి చట్టంలో పేరుంది. అదే పాటను పెళ్లిలో క్లారినెట్‌ మీద వాయించేవాడికి అలాంటి ప్రత్యేక గుర్తింపు లేదు. అయితే పదిమంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకు ఆ స్మృతిలోని నియామక పత్రం వంటి నిబంధనలు వర్తిస్తాయి. పదిహేను, ఇరవై మందిని పెట్టుకునే బ్యాండ్‌ పార్టీలు ఆ లెక్కలోకి వస్తాయి. కార్మిక శాఖ అధికారులు అటు చూస్తారా అన్నదే ప్రశ్న.

సొంత కీబోర్డు, తగ్గిన కూలి

ఇక మూడో నమూనా. తెలుగు రాష్ట్రాల్లో మనకు బాగా తెలిసింది ఇదే. సన్నాయి కళాకారుడి సన్నాయి ఆయనదే. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడి కీబోర్డు ఆయనదే. ప్యాడ్స్‌ వాయించేవాడివి ఆయనవే. సొంత వాద్యం ఉంటే గౌరవం ఉంటుంది, ఎవరు పిలిస్తే వారి దగ్గర వాయించుకోవచ్చు. ఇందులో నిజం ఉంది. పైగా వాద్యం చెప్పు లాంటిది, ఒకరిది ఇంకొకరికి సరిపోదు. సన్నాయి పీక ఒకరి పెదవికి అలవాటైతే రెండోవాడికి పలకదు. అందుకే వాద్యాలన్నీ యజమానివే కావాలని ఎవరూ అనరు.

సమస్య లెక్కలో ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, తర్కం మాత్రం ఏ బృందానికైనా ఒకటే.

ఐదుగురి ఆర్కెస్ట్రా. కార్యక్రమానికి వచ్చిన సొమ్మును సమానంగా పంచుకుంటారు. తలా 2,500 రూపాయలు. కీబోర్డు ఖరీదు 1,20,000. ఐదేళ్లు పనిచేస్తుందనుకుందాం. ఏడాదికి 60 కార్యక్రమాల చొప్పున మొత్తం 300. అంటే ఒక్కో కార్యక్రమానికి వాద్యం అరుగుదల 400 రూపాయలు. రిపేర్లు, వైర్లు, మోత ఖర్చు కలిపి మరో 150. కీబోర్డు వాయించినవాడికి నిజంగా మిగిలిన కూలి 1,950. పక్కనే మైకు పట్టుకుని పాడినవాడికి మిగిలింది 2,500. సమానంగా పంచుకున్నామని అందరూ అనుకుంటారు. నిజానికి ప్రతి కార్యక్రమంలోనూ కీబోర్డు కళాకారుడు మిగతావారికి 550 రూపాయల సరుకు ఉచితంగా ఇస్తున్నాడు.

ఇప్పుడు అప్పు కలపండి. అంత సొమ్ము చేతిలో ఉండేవారు తక్కువ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే, మొదటి ఏడాది వడ్డీయే 28,800. ఏడాది అరుగుదల 24,000 కంటే అది ఎక్కువ. అదే సొమ్ము విశ్వకర్మ పథకంలోలా 5 శాతానికి దొరికితే వడ్డీ 6,000. తేడా 22,800. ఆయన దాదాపు పన్నెండు కార్యక్రమాల కూలి ఆ తేడాలోనే పోతుంది. వాద్యకారుణ్ని వృత్తిదారుల జాబితాలో చేర్చకపోవడం గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని చెప్పేది ఈ అంకే.

కార్యక్రమాలు ఆగిపోతే పాటగాడికి ఆదాయం ఆగుతుంది. వాద్యం సొంతమైనవాడికి ఆదాయం ఆగినా వాయిదా ఆగదు. 2020లో కొవిడ్‌ ఆంక్షలతో పెళ్లిళ్లకు జనాన్ని పరిమితం చేసినప్పుడు దేశమంతటా బ్యాండ్లు మూలపడ్డాయి. ఆ నెలల్లో వాద్యం ఆస్తి కాదు, అప్పు.

డప్పు, డోలు లాంటి చర్మ వాద్యాలకు మరో బరువుంది. అవి ఒకసారి కొంటే అయిపోయేవి కావు. తోలు సాగుతుంది, చిరుగుతుంది, వానకు తడిసి మెత్తబడుతుంది. మళ్లీ మళ్లీ వేయించాలి. మంట దగ్గర కాచి శ్రుతికి తెచ్చే పని కార్యక్రమం మొదలుకాక ముందే మొదలవుతుంది. ఆ గంటకు కూలి కట్టేవారు లేరు. మృదంగం తయారీదారుల మీద టి.ఎం.కృష్ణ రాసిన ‘సెబాస్టియన్‌ అండ్‌ సన్స్‌’ (2020) చెప్పిన విషయం కూడా ఇదే. వేదిక మీద వినిపించే నాదం వెనుక తోలు పనిచేసే చేతులు ఉన్నాయి. సంగీతానికి దక్కే గౌరవంలో వాటా ఆ చేతులకు అందదు.

శాలువా, పింఛను, ఆ మధ్యలో?

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ భరోసా కింద డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. వయసు మీద పడిన కళాకారుడికి అది నిజమైన ఆసరా. తెలంగాణ ఏర్పడ్డాక సాంస్కృతిక సారథి ద్వారా సుమారు 550 మంది కళాకారులు నెల జీతానికి వచ్చారు. కేంద్ర సాంస్కృతిక శాఖ రిపర్టరీ గ్రాంటు గురువుకు నెలకు 15 వేలు గౌరవ వేతనంగా ఇస్తుంది. పన్ను విషయంలోనూ కొంత ఊరట ఉంది. చేత్తో తయారుచేసే దేశీ వాద్యాలకు 2017లో జీఎస్టీ వచ్చినప్పుడే మినహాయింపు దక్కింది. మిగతా వాద్యాలను 2017 నవంబర్‌లో 28 శాతం నుంచి 18 శాతానికి తెచ్చారు.

అయితే వీటన్నిటిలో ఒక ఖాళీ కనిపిస్తుంది. పింఛను పని మానే వయసుకు. అవార్డు పేరు వచ్చినవారికి. జీతం ఎంపికైన కొద్దిమందికి. పాతికేళ్ల యువకుడు తాత సన్నాయి పక్కన పెట్టి కొత్తది కొనుక్కుని వృత్తిలోకి రావాలంటే ఇవేవీ అక్కరకు రావు. కళ బతకాలని చేసే ఖర్చంతా కళాకారుడి చివరి అంకం మీద పెడుతున్నాం. మొదటి అంకంలో మాత్రం అతణ్ని వడ్డీ వ్యాపారికి వదిలేస్తున్నాం.

పొరుగు రాష్ట్రాల్లో చిన్న ప్రయత్నాలు కనిపిస్తాయి. తమిళనాడు ప్రభుత్వ సంగీత నాటక సంస్థ జానపద కళాకారులకు వాద్యాలు, దుస్తులు కొనుక్కోవడానికి తలా 10 వేల రూపాయల సాయం చేస్తోంది. కేరళలో గ్రామ పంచాయతీలు తమ ప్రణాళిక నిధుల నుంచి దళిత యువజన బృందాలకు చెండ వంటి వాద్యాలు కొనిస్తుంటాయి. ఇక్కడ వాద్యం వ్యక్తికి కాకుండా బృందానికి చెందుతుంది. బిహార్‌లో పట్నా దగ్గరి ఢిబ్రా గ్రామంలో దళిత మహిళలు నారీ గుంజన్‌ సంస్థ అండతో 2016లో బ్యాండ్‌ పెట్టుకున్నారు. పద్మశ్రీ సుధా వర్గీస్‌ నడిపే సంస్థ అది. పొలం కూలీలుగా ఉన్నవాళ్లు డ్రమ్ములు భుజాన వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లారు. మగవాళ్ల వృత్తిగా ఉన్న బ్యాండ్‌లోకి ఆడవాళ్లు రావడానికి సంకల్పం ఒక్కటే చాలదు. మొదటి డ్రమ్ము ఎవరు కొనిస్తారన్న ప్రశ్న తేలాలి. ఇంట్లో అప్పు చేసే అధికారం, తాకట్టు పెట్టే ఆస్తి లేని ఆడవాళ్లను ఆ ప్రశ్నే గడప దగ్గర ఆపేస్తుంది.

మాలిక్‌ మాట కూడా వినాలి

బ్యాండ్‌ యజమానుల వైపు నుంచీ ఒక వాదన ఉంది. దాన్ని తోసిపుచ్చలేం. వాద్యాలు, యూనిఫాంలు, లైట్లు, జనరేటర్‌ మీద పెట్టుబడి పెట్టేది వాళ్లు. ముహూర్తాలు ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా నెలల్లో దుకాణం అద్దె ఆగదు. డీజే వచ్చాక ఒక బండి, ఒక ఆపరేటర్‌తో ఊరేగింపు అయిపోతోంది. ఇరవైమంది మనుషులతో నడిచే బ్యాండ్‌ ఆ ధరకు పోటీ పడలేదు. అందరినీ శాశ్వత ఉద్యోగులుగా చూడమంటే దుకాణం మూసుకోవడం తప్ప దారి లేదన్నది వారి మాట.

ఈ కష్టం నిజమే. కానీ డీజే వాడు తన స్పీకర్ల ఖరీదును అద్దెలో కలిపే వసూలు చేస్తాడు. యంత్రానికి అద్దె అడిగితే పెళ్లివారు ఆశ్చర్యపోరు. మనిషి ఊదే వాద్యానికి అద్దె అనేసరికి వింతగా వింటారు. డీజేతో పోటీలో మనిషి ఓడిపోవడానికి ఇదీ ఒక కారణం. యంత్రం తన అరుగుదలను లెక్కలో చూపించుకుంటుంది, మనిషి తన అరుగుదలను కూలిలో కలిపేసుకుంటాడు. సీజన్‌ ఒప్పందాలు ఉండవచ్చు, తప్పు లేదు. అవి కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు ఎంత, రోజు కూలి ఎంత, వాద్యం పాడైతే ఏం చేయాలి అన్న మూడు విషయాలు రాసుకుంటే యజమానికీ రక్షణే.

వాద్యం వాటా

ఇతర దేశాల్లో సంగీతకారుల సంఘాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. అమెరికా, బ్రిటన్‌ యూనియన్ల ఒప్పందాల్లో బరువైన వాద్యాన్ని మోసుకొచ్చినందుకు వేరుగా సొమ్ము ఉంటుంది. ఒకే కార్యక్రమంలో రెండో వాద్యం కూడా వాయిస్తే అదనపు కూలి ఉంటుంది. జర్మనీ ఆర్కెస్ట్రాల సమష్టి ఒప్పందంలో వాద్య భత్యం అనేదే ఒకటుంది. వాటి వెనుక ఉన్న సూత్రం చిన్నది. కూలి మనిషికి, అద్దె వాద్యానికి. రెండిటినీ కలపకూడదు.

ఈ సూత్రాన్ని మన పరిస్థితికి అన్వయిస్తే నాలుగు విషయాలు తేలతాయి.

ఒకటి, ప్రదర్శన మీద పెత్తనం ఎవరిదో వాద్యం ఖర్చు వారిది కావాలి. ఏం వాయించాలో, ఎంతకు వాయించాలో యజమాని నిర్ణయిస్తే వాద్యం కూడా ఆయనే ఇవ్వాలి, దాని అరుగుదల ఆయనదే కావాలి. అలా ఇచ్చినప్పుడు వాయించేవాణ్ని ఉద్యోగిగా ఒప్పుకోవాలి. పెత్తనం తనది, ఖర్చు కళాకారుడిది అనే ఏర్పాటు చెల్లదు.

రెండు, కళాకారుడు సొంత వాద్యం తెచ్చుకుంటే పంపకానికి ముందే వాద్యం వాటా తీసి పక్కన పెట్టాలి. పై ఉదాహరణలో 12,500 రూపాయల్లోంచి ముందుగా 550 కీబోర్డు కళాకారుడికి ఇచ్చి, మిగిలిన 11,950ని ఐదుగురూ పంచుకుంటే తలా 2,390 వస్తుంది. మిగతా నలుగురూ వదులుకునేది తలా 110 రూపాయలే. ఆ మాత్రానికి బృందం విడిపోదు. లెక్క చెప్పుకోకపోతేనే విడిపోతుంది.

మూడు, స్పీకర్లు, మిక్సర్‌ వంటివి అందరి సొమ్ముతో కొంటే, విడిపోయేటప్పుడు ఏం చేయాలో కొన్న రోజే రాసుకోవాలి. ఐదేళ్లు పనిచేసే 2 లక్షల సామగ్రిని ఐదుగురు కలిసి కొన్నారనుకుందాం. రెండేళ్ల తర్వాత ఒకరు వెళ్లిపోతే మిగిలిన విలువ 1,20,000. ఆయన వాటా 24,000. ఈ ఒక్క వాక్యం కాగితం మీద లేకనే స్నేహాలు పోలీస్‌స్టేషన్‌ మెట్లెక్కుతాయి.

నాలుగు, ప్రభుత్వం చేయాల్సింది. విశ్వకర్మ జాబితాలో వాద్యకారులను, వాద్యాల తయారీదారులను చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. రాష్ట్రాలు అంతదాకా ఆగాల్సిన పనీ లేదు. కళాకారులను ఎక్కువగా పిలిచేవారిలో ప్రభుత్వాలూ, ఆలయాలూ ఉన్నాయి. అవతరణ దినోత్సవాలకు, బ్రహ్మోత్సవాలకు, 2027లో రాబోయే గోదావరి పుష్కరాలకు వందల బృందాలు కావాలి. ఆ ఆహ్వాన పత్రాల్లో పారితోషికం, ప్రయాణ ఖర్చు పక్కన ‘వాద్య భత్యం’ అనే మూడో గడి పెడితే చాలు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కను రేపు పెళ్లివారి దగ్గర అడగడం కళాకారుడికి తేలికవుతుంది.

అప్పటిదాకా కూలిలోంచే వాద్యం కొనుక్కోవాల్సి వస్తుంది, కాబట్టి కొనుక్కోగలిగినవాడే వృత్తిలో మిగులుతాడు. సన్నాయి నేర్చుకునే పిల్లలు రావడం లేదని సభల్లో బాధపడేవాళ్లం చాలామందిమి ఉన్నాం. పిల్లవాడు రాగం నేర్చుకునే ముందు వాళ్ల నాన్న ధర కనుక్కుంటాడు. ఆ ధరకు ఎవరి దగ్గర ఏ జవాబు ఉందన్న దాన్నిబట్టే వచ్చే తరంలో పెళ్లి పందిట్లో సన్నాయి మోగుతుందా, సన్నాయి రికార్డు మోగుతుందా అన్నది తేలుతుంది.